అందరికంటే ఎత్తున ఉన్న దేవుడెవరు?

అన్నింటికంటే ఎత్తైన శివాలయం ఏదని అడిగితే ఠక్కున తుంగనాథ్ పేరు చెబుతారు. ఉత్తరాఖండ్‌లో చోప్తా దగ్గర బండి దిగి నాలుగు కిలోమీటర్లు ఎక్కితే వచ్చే ఈ గుడి సుమారు 3,680 మీటర్ల ఎత్తున ఉంది. మన తిరుమల వెయ్యి మీటర్లు కూడా ఉండదు. అయితే ఈ రికార్డులో ఒక మెలిక ఉంది. కశ్మీర్‌లో అమర్‌నాథ్ 3,888 మీటర్లు. హిమాచల్‌లో శ్రీఖండ్ మహాదేవ్ అయితే 5,200 చిల్లర. మరి తుంగనాథ్ ఎలా గెలిచింది? అమర్‌నాథ్‌ది గుహ, శ్రీఖండ్‌లో కొలిచేది కొండకొమ్మున నిలిచిన బండరాయి. గోడలు, శిఖరం కట్టిన గుడికే ఈ బిరుదు. శివుడికి ఆ పట్టింపు ఉంటుందని నేననుకోను.

ఎద్దు రూపంలో పాండవులకు చిక్కకుండా పోయిన శివుడి బాహువులు వెలసింది తుంగనాథ్‌లోనేనంటారు. చలికాలంలో ఉత్సవమూర్తిని మక్కూమఠ్‌కు దించుతారు. గుడి కాస్త వాలింది కూడా. ప్రధానాలయం 5, 6 డిగ్రీలు, పక్కనున్న చిన్న కట్టడాలు 10 డిగ్రీల దాకా ఒరిగాయని పురావస్తు శాఖ పరిశీలనలో తేలినట్టు 2023లో వార్తలొచ్చాయి.

అమర్‌నాథ్ లింగాన్ని ఎవరూ చెక్కలేదు. గుహ పైకప్పు నుంచి కారే నీటిబొట్లు కింద పడి గడ్డకడుతూ లింగంగా పైకి పెరుగుతాయి. ఎండలు ముదిరిన ఏడు యాత్ర ముగియకముందే స్వామి కరిగిపోతాడు, ఆలస్యంగా వెళ్లినవారికి గుహ దర్శనమే దక్కుతుంది.

విష్ణువూ తక్కువ తినలేదు. నేపాల్‌లోని ముక్తినాథ్ 3,700 మీటర్లు దాటి, తుంగనాథ్‌కంటే పైనే ఉంది. తిరుమల, అహోబిలాల్లాగే ఇదీ 108 దివ్యదేశాల్లో ఒకటి. గుడి వెనక వరసగా 108 ధారలు. మంచు కరిగిన ఆ నీళ్ల కింద ఒక్కొక్కటిగా తడుస్తూ భక్తులు పరుగెడుతుంటారు. దగ్గర్లోని జ్వాలామాయి గుడిలో నేలలోంచి వచ్చే సహజవాయువు నీటి పక్కనే సన్నని మంటగా వెలుగుతుంది. బౌద్ధులకూ ఇది పుణ్యక్షేత్రమే, ఆలయం బాగోగులు చూసేవాళ్లలో బౌద్ధ సన్యాసినులున్నారు. కింద కాళీ గండకిలో దొరికే సాలగ్రామాలు ఒకప్పటి సముద్రజీవుల శిలాజాలు. హిమాలయాలు లేచినచోట కోట్ల ఏళ్ల కిందట సముద్రం ఉండేదనడానికి సాక్ష్యం మన పూజామందిరాల్లోనే ఉందన్నమాట!

గుళ్లను వదిలేసి యాత్రామార్గాలను లెక్కిస్తే కైలాస పరిక్రమే ముందుంటుంది. ఆ దారిలోని డోల్మా లా కనుమ 5,600 మీటర్ల పైమాటే, అక్కడ దొరికే ప్రాణవాయువు సముద్రతీరంలో దొరికేదాంట్లో సగం.

మళ్లీ ఉత్తరాఖండ్‌కు వస్తే, ఇంత ఉత్తరాన ఉన్న కొన్ని గుళ్లలో అర్చకత్వం దక్షిణాదివారిది. బద్రీనాథ్ రావల్ (ప్రధానార్చకుడు) కేరళ నంబూద్రి, కేదార్‌నాథ్ రావల్ వీరశైవుడు. వీరశైవుల పంచపీఠాల్లో కేదార్‌కు సంబంధించిన ఊఖీమఠ్ ఒకటి, మన శ్రీశైలం ఇంకొకటి. బద్రీనాథ్ తలుపులు మూసేటప్పుడు మాణా ఊరి ఆడవాళ్లు నేసిన ఉన్ని కంబళిని నేతిలో తడిపి స్వామికి కప్పుతారు.

యమునోత్రిలో చలి సంగతి వేరు. గుడి పక్కనే సూర్యకుండం అనే వేడినీటి ఊట కుతకుతలాడుతుంటుంది. అంత ఎత్తున నీళ్లు 90 డిగ్రీల దగ్గరే మరుగుతాయి. ఈ కుండం వేడి దానికి కొంచెమే తక్కువ. బియ్యం, బంగాళాదుంపలు గుడ్డలో మూటకట్టి అందులో వేలాడదీస్తే ఉడికిపోతాయి. ప్రసాదం అదే.