గురి తప్పితే కొత్త ఫోనే కావాలా?

మంథని: "ఫోను పాతదైంది, గురి కుదరడం లేదు" అంటూ కొత్త ఫోను కోసం ఇంట్లో పోరు పెట్టే కుర్రాళ్లకు ఈ ప్రాంత పల్లెల్లోనూ కొదవ లేదు. పత్తి డబ్బు చేతికి రాకముందే దానికి ఖర్చు సిద్ధం. కొనేముందు తండ్రులు ఒక మాట అడగాలి: ఆటలో సెట్టింగులు సరిచూశావా?

పలువురు కలిసి ఆడే తుపాకీల ఆట బీజీఎంఐ 2021 జూలైలో వచ్చింది. నడుమ నిలిచిపోయి 2023 మేలో తిరిగొచ్చింది. అందులో సెన్సిటివిటీ అనే పట్టిక ఉంది. వేలు జరిపితే తెర ఎంత తిరగాలో చెప్పేది అదే. కెమెరా అంకె చుట్టూ చూడటానికి. ఏడీఎస్ అంకె కాల్చేటప్పుడు ఎగిరే తుపాకీని వేలితో కిందికి లాగి పట్టడానికి. అంకె మరీ పెంచితే గురి శత్రువును దాటిపోతుంది, మరీ తగ్గిస్తే అందదు. దూరాన్ని దగ్గరగా చూపే 6, 8 రెట్ల స్కోపులకు తక్కువ అంకె పెట్టుకోవాలి.

పేరున్న ఆటగాళ్ల అంకెలు ఎత్తి రాసుకుంటే ఒరిగేది తక్కువ. వారి ఫోను వేరు, వేలు వేరు. గోటీలాటలో ఒకరి వేలి ఒడుపు మరొకరికి వస్తుందా? ట్రైనింగ్ మైదానంలో ఒక్కో అంకె కొద్దిగా మార్చి, గోడ మీద కాల్చి చూసుకోవాలి. తెర ఆగి ఆగి కదులుతుంటే మాత్రం లోపం ఈ అంకెలది కాదు. అప్పుడైనా ముందు గ్రాఫిక్స్ తగ్గించి చూడాలి, డబ్బు సంగతి ఆ తర్వాత.