పరుగు నేర్చువారికి పాదరక్షలు, దుస్తులు

ఆడలేక మద్దెల ఓడన్నట్లు, పరుగెత్తలేనివాడు బూట్లను నిందించుట లోకసహజము. కాని మద్దెల నిజముగనే ఓడైన సందర్భములును గలవు. కాలికి చాలని బూట్లతో నెల దినములు సాధన చేసి, పరీక్షకు వారము ముందు మడమపై బొబ్బ లేచి ఇంట కూర్చున్న విద్యార్థికి ఆ సంగతి చక్కగా తెలియును. కొత్తగా పరుగు ప్రారంభించువారు దేనికై ధనము వెచ్చించవలెను, దేనికి వెచ్చించనక్కరలేదు అను విషయమును వివరించుటయే ఈ వ్యాసము యొక్క ఉద్దేశము.

ఇది కేవలము వినోదమునకు సంబంధించిన విషయము కాదు. తెలంగాణ పోలీసు నియామకములకై 2022లో వెలువడిన ప్రకటన ప్రకారము పురుషులు 1600 మీటర్లను 7 నిమిషముల 15 సెకనులలో, స్త్రీలు 800 మీటర్లను 5 నిమిషముల 20 సెకనులలో పూర్తి చేయవలసి యుండెను. ఈ బొగ్గు ప్రాంతమున అట్టి ఉద్యోగములపై ఆశ పెట్టుకొన్న యువతీ యువకులు ఎందరో గలరు. కార్మికుని ఇంట ఒక జత బూట్లు కొనుట కూడ ఆలోచించి చేయవలసిన వ్యయమే. కావున తెలిసి కొనుట మేలు.

సింగరేణి బెల్లంపల్లి ఏరియాకు కేంద్రమైన గోలేటిలో పెరిగినవారికి ఈ విషయమున గనియే మొదటి గురువు. గనిలోనికి దిగు కార్మికుని తలపై హెల్మెట్టు, దానికి దీపము, కాళ్ళకు గట్టి బూట్లు ఉండును. ప్రతి వస్తువునకు ఒక పని గలదు; అలంకారమునకై ఏదియు లేదు. పరుగు సామగ్రిని కూడ ఈ దృష్టితోనే ఎన్నుకొనవలెను. నాన్నగారి గని బూట్లు ఎంత గట్టివైనను పరుగునకు పనికిరావు. అవి వ్రేళ్ళపై రాయి పడినను కాపాడుటకై చేయబడినవి. బరువైనవి, సులభముగ వంగవు. కళాశాలకు వేసికొను తోలు బూట్లును అట్టివే.

పాదరక్షలు

బూట్లు లేనిదే పరుగు లేదా యని ప్రశ్నించవచ్చును. ఇథియోపియా వీరుడు అబేబె బికిలా 1960 రోము ఒలింపిక్సులో వట్టి కాళ్ళతో మారథాను గెలిచెను. కొత్త బూట్లు తన పాదములకు సరిపడకపోవుటయే అందుకు కారణమని చెప్పుదురు. అతడే 1964లో టోక్యోలో బూట్లు ధరించి మరల గెలిచెను. మన దేశపు శివనాథ్ సింగ్ కూడ వట్టి కాళ్ళ పరుగునకు పేరుపొందినవాడే. 1976 మాంట్రియల్ ఒలింపిక్సు మారథానులో 11వ స్థానము పొందెను. ప్రపంచ అథ్లెటిక్సు నియమములు నేటికిని వట్టి కాళ్ళతో పోటీపడుటకు అనుమతించుచున్నవి. కనుక బూట్లు లేకుండుట లోపము కాదు. సరిపడని బూట్లు ధరించుటయే లోపము. అయితే వారిది ఏండ్ల తరబడి చేసిన అభ్యాసము. గాజు పెంకులు, ముళ్ళు, బొగ్గు రాళ్ళు గల మన బాటలపై కొత్తవారికి బూట్లే క్షేమము.

బెల్లంపల్లి, మంచిర్యాల అంగళ్ళకు పోవునపుడు ఈ క్రింది విషయములు జ్ఞాపకముంచుకొనవలెను. పగలంతయు నడచిన పాదము కొంత ఉబ్బును. అందుచేత సాయంకాలమున కొనుట మంచిది. పరుగునకు వాడు మేజోళ్ళనే తొడిగి, రెండు కాళ్ళకును బూట్లు వేసి చూడవలెను. మన పాదములు రెండును ఒకే కొలత గలవి కాకపోవచ్చును. పెద్దదానికి సరిపోవు జతను తీసికొనవలెను. నిలబడినపుడు పొడవైన వ్రేలి ముందు బొటనవ్రేలి వెడల్పంత ఖాళీ ఉండవలెను. మడమ జారరాదు. బూటు వ్రేళ్ళ మొదట వంగవలెను గాని నడుమ మడతపడరాదు. పిమ్మట అంగడి వాకిటనే పది అడుగులు పరుగెత్తి చూడవలెను. ఇందుకు సిగ్గుపడరాదు.

పాదపు వంపును బట్టి ప్రత్యేకమైన బూట్లు కొనవలెనని కొందరు చెప్పుదురు. అమెరికా పదాతిదళము, వాయుసేన, మెరైను దళములకు చెందిన శిక్షణార్థులపై జరిగిన పరిశోధనలు 2009, 2010 ప్రాంతములలో వెలువడినవి. పాదపు ఆకారమును బట్టి బూట్లు ఇచ్చినవారికిని, అందరికి ఒకే రకము ఇచ్చినవారికిని గాయముల విషయమున చెప్పుకోదగిన భేదము కానరాలేదు. వేసికొన్న క్షణమున సుఖముగ తోచు బూటే మంచి బూటని గ్రహించవలెను. పేరుగల కంపెనీ గుర్తు వేసి అమ్ము నకిలీ సరకుకన్న, గుర్తు లేని సరియైన బూటు మేలు.

బూటు సాధారణముగ 500 నుండి 800 కిలోమీటర్ల వరకు పనిచేయును. దినమునకు 3 కిలోమీటర్ల చొప్పున వారమునకు 5 దినములు పరుగెత్తువారికి అది కనీసము ఏడున్నర నెలలు వచ్చును. అన్నగారు వాడి విడిచిన బూట్లను బల్లపై ఉంచి చూడుడు. ఒక ప్రక్కకు ఒరిగిన యెడల వాటిని పరుగునకు వాడవలదు.

మేజోళ్ళు, దుస్తులు

నూలు మేజోళ్ళు చెమటను పీల్చి తడిగనే యుండును. ఆ తడి, రాపిడి కలిసి బొబ్బలు లేపును. కృత్రిమ నూలు కలిసిన పలుచని మేజోళ్ళు ఇంతకన్న మంచివి. చొక్కా విషయమున కూడ త్వరగా ఆరు పాలియెస్టరు మేలు. అయితే రెండు మూడు కిలోమీటర్ల పరుగునకు ఇంట నున్న వదులైన నూలు బనియను చాలును. దానికై అప్పు చేయవలదు.

విద్యార్థినులకు వక్షమునకు బిగువైన ఆధారమిచ్చు క్రీడా లోదుస్తులు బూట్లతో సమానముగ అవసరము. సల్వారు కమీజుతో నిస్సంకోచముగ పరుగెత్తవచ్చును. పైట మాత్రము గాలికి ఎగురకుండ, కాళ్ళకు చుట్టుకొనకుండ పిన్నులతో బిగించవలెను. తల కప్పుకొనువారు పలుచని, తలకు అంటియుండు వస్త్రమును వాడవచ్చును. బహ్రెయిన్ దేశపు రుకయ్య అల్ గస్సరా 2006 దోహా ఆసియా క్రీడలలో తలను, చేతులను, కాళ్ళను పూర్తిగ కప్పుకొని 200 మీటర్ల పరుగులో స్వర్ణపతకము గెలిచెను. నిండైన దుస్తులు వేగమునకు అడ్డు కావని చెప్పుటకు ఇంతకన్న నిదర్శనమేల?

ఎండ, చీకటి

మన ప్రాంతపు వేసవిలో వేడి 45 డిగ్రీలను తాకును. ఆ దినములలో సూర్యోదయమునకు ముందే సాధన ముగించవలెను. లేతరంగు దుస్తులు, అంచు గల టోపీ ధరించవలెను. బరువు తగ్గుటకై వానకోటు గాని, మందపు జాకెట్టు గాని తొడిగి పరుగెత్తువారు గలరు. తగ్గునది క్రొవ్వు కాదు, నీరు. చెమట ఆరు మార్గము లేక దేహము కాగి వడదెబ్బ తగులును, అది ప్రాణాంతకము.

వేకువ చీకటిలో వేరొక అపాయము గలదు. బొగ్గు లారీలు తిరుగు బాటపై నల్లని దుస్తులు వేసినవాడు డ్రైవరుకు కనబడడు. గని కార్మికుని జాకెట్టుపై వెలుగుకు మెరయు పట్టీలు ఉండుట ఇందుకే. అట్టి పట్టీ ఒకటి చొక్కాపై కుట్టించుకొనుడు. ఎదురుగ వచ్చు వాహనములను చూచుచు కుడివైపున పరుగెత్తుడు. చెవులలో పాటలు పెట్టుకొనవలదు.

ఖరీదైన గడియారము, బిగుతు మేజోళ్ళు, రంగు పానీయములు మొదలగునవి కొత్తవారికి అవసరము లేదు. సరియైన జత బూట్లు, రెండు జతల మేజోళ్ళు, వదులైన చొక్కా, లాగు, ఒక టోపీ: ఇంతియే.

చివరగ కళాశాల పాలకవర్గము వారికి ఒక మనవి. వార్షిక క్రీడలలో విద్యార్థినులు నిండు చేతుల చొక్కా, పొడవు లాగు, తలకప్పుతో పాల్గొనవచ్చునని ముందుగనే ప్రకటించవలెను. వేర్వేరు కొలతల బూట్లు కొన్ని జతలు క్రీడాగదిలో ఉంచి, పరీక్షలకు సాధన చేయు పేద విద్యార్థులకు ఇచ్చుచుండవలెను. దుస్తులు లేకనో, దుస్తులు అడ్డమనియో ఒక్కరైనను గీత వెలుపల నిలిచిపోరాదు. గీత దాటిన పిమ్మట గెలుపోటములు వారి కాళ్ళలోనే యున్నవి.