ఇంట్లో పాటల రికార్డింగ్‌కి ఏ ల్యాప్‌టాప్, ఏ ఓఎస్? బెళుగుప్పలో తేలిన లెక్క

మ్యూజిక్ రికార్డింగ్‌కి ఏ ల్యాప్‌టాప్ తీసుకోవాలని అడిగితే చాలామంది నేరుగా ప్రాసెసర్ పేరు చెప్పేస్తారు. మొన్నటి ఏప్రిల్ వరకు నేనూ అంతే. బెళుగుప్పలో మా తాత పాటలు రికార్డ్ చేయడానికి కూర్చున్న మొదటి రోజే నా లెక్క తప్పని తేలిపోయింది.

తాత చెక్క భజన గురువు. చుట్టుపక్కల ఊళ్లలో ఎంతోమంది కుర్రాళ్లకి అడుగులు నేర్పించాడు. ఇప్పుడు 75 దాటాయి, దమ్ము తగ్గుతోంది. ఆయన పాటల్లో సగం ఏ పుస్తకంలోనూ లేవు, ఆయన నోట్లోనే ఉన్నాయి. అందుకే వారం రోజులు సెలవు పెట్టి, నా గేమింగ్ ల్యాప్‌టాప్, ఒక యూఎస్‌బీ మైక్ సంచిలో వేసుకుని బెంగళూరు నుంచి బస్సెక్కాను.

మొదటి టేక్ విన్నాం. పాట కింద ‘బుస్స్’మని ఒకటే శబ్దం. సీలింగ్ ఫ్యాన్ ఆపేశాం కదా, మరి ఇదేంటి అనుకుంటే అది ల్యాప్‌టాప్ ఫ్యాన్. మంటలాంటి ఎండ, గాలి ఆడని గది, అది మాత్రం ఏం చేస్తుంది? ఛార్జర్ పెట్టగానే దానికి తోడు సన్నగా హమ్. పాత ఇల్లు, ప్లగ్గులో ఎర్త్ సరిగా లేదు.

“ఏమప్పా, నేను పాడేది పాటా, నీ మిషను పాడేది పాటా?” అన్నాడు తాత.

ముందు తేల్చుకోవాల్సింది: మీరు రికార్డ్ చేసేది ఏంటి?

ఇంటి రికార్డింగ్‌లో రెండు రకాల పనులుంటాయి. గొంతు, డప్పు, హార్మోనియం లాంటి వాటిని మైక్‌తో పట్టడం ఒకటి. మిడి కీబోర్డ్ తగిలించి, కంప్యూటర్ లోపలి వాయిద్యాలతో ట్రాక్ కట్టుకోవడం రెండోది.

మొదటి పని చాలా తేలిక. 24 బిట్, 48 కిలోహెర్ట్జ్ దగ్గర ఒక మైక్ ట్రాక్‌కి నిమిషానికి 8.6 ఎంబీ పడుతుంది. రెండు మైకులతో గంట పాడినా దాదాపు 1 జీబీ. ఐదారేళ్ల పాత ల్యాప్‌టాప్‌లో 8 జీబీ ర్యామ్, ఒక ఎస్‌ఎస్‌డీ ఉంటే చాలు.

రెండో పనికి మాత్రం గట్టి మెషీన్ కావాలి. పియానో, తబలా, స్ట్రింగ్స్ శాంపిల్స్ అన్నీ ర్యామ్‌లోకి ఎక్కుతాయి కాబట్టి 16 జీబీ కనీసం అనుకోండి. గ్రాఫిక్స్ కార్డ్ వల్ల ఆడియోకి పెద్దగా ఒరిగేదేమీ లేదు. నా గేమింగ్ ల్యాప్‌టాప్‌కి పెట్టిన డబ్బులో పెద్ద వాటా ఆ కార్డ్‌కే పోయింది. ఫ్యాన్ హోరు అదనం.

ల్యాగ్ ఎంత ఉంటే ఓకే?

మైక్‌లోకి పోయిన శబ్దాన్ని కంప్యూటర్ చిన్న చిన్న ముక్కలుగా తీసుకుంటుంది. ఆ ముక్క సైజే బఫర్. 48 కిలోహెర్ట్జ్ దగ్గర 128 శాంపిల్స్ బఫర్ అంటే 2.7 మిల్లీసెకన్లు, 1024 అంటే 21 మిల్లీసెకన్లు. లోపలికి పోయేటప్పుడు ఒకసారి, బయటికి వచ్చేటప్పుడు ఇంకోసారి ఆలస్యం అవుతుంది. 21 మిల్లీసెకన్లలో శబ్దం గాలిలో 7 మీటర్లు పోతుంది. అంటే మీ గొంతు మీకే గుడి అవతలి మూల నుంచి వినిపించినట్టు ఉంటుంది. తాళం తప్పకుండా ఎలా ఉంటుంది?

బఫర్ తగ్గిస్తే ల్యాగ్ తగ్గుతుంది, కానీ ప్రాసెసర్ అందుకోలేకపోతే టిక్కు టిక్కుమని క్రాకిల్ వస్తుంది. పాట మాత్రమే రికార్డ్ చేసేవాళ్లకి సులువైన దారి ఉంది. చాలా ఆడియో ఇంటర్‌ఫేస్‌లలో డైరెక్ట్ మానిటర్ బటన్ ఉంటుంది. అది నొక్కితే మీ గొంతు కంప్యూటర్‌లోకి పోయి రాకుండా, ఇంటర్‌ఫేస్ నుంచే హెడ్‌ఫోన్స్‌కి వస్తుంది. కీబోర్డ్‌తో లోపలి వాయిద్యాలు వాయించేవాళ్లకి ఈ దారి లేదు. వాళ్లకే ఫాస్ట్ ప్రాసెసర్, మంచి డ్రైవర్ నిజంగా అవసరం.

ఇక ఓఎస్ సంగతి

విండోస్: సాఫ్ట్‌వేర్, ప్లగిన్లు, రిపేరు చేసేవాళ్లు, అన్నీ దొరుకుతాయి. అయితే ల్యాగ్ తగ్గాలంటే ఏసియో డ్రైవర్ ఉండాలి. 1997లో స్టైన్‌బర్గ్ కంపెనీ తెచ్చిన పద్ధతి ఇది, ఇప్పటికీ అదే దిక్కు. కాబట్టి ఇంటర్‌ఫేస్ కొనేటప్పుడు కంపెనీ సొంత ఏసియో డ్రైవర్ ఇస్తోందా లేదా చూడండి. కొత్త ల్యాప్‌టాప్ తెచ్చిన రోజే లేటెన్సీమాన్ అనే ఉచిత టూల్ పది నిమిషాలు నడపండి. వైఫై డ్రైవర్ లాంటివి ఆడియోకి అడ్డం పడుతుంటే అందులో తెలిసిపోతుంది, రిటర్న్ గడువులోపే నిర్ణయం తీసుకోవచ్చు. స్నాప్‌డ్రాగన్ చిప్ ఉన్న విండోస్ ల్యాప్‌టాప్ అయితే ఇంకా జాగ్రత్త. మామూలు యాప్‌లు ఎలాగోలా నడుస్తాయి కానీ, డ్రైవర్ మాత్రం ఆ చిప్ కోసమే రాసింది ఉండాలి.

మ్యాక్: చాలా ఇంటర్‌ఫేస్‌లు తగిలించగానే పనిచేస్తాయి. గ్యారేజ్‌బ్యాండ్ ఉచితం. బిల్లీ ఐలిష్‌కి 2020లో ఆల్బమ్ ఆఫ్ ది ఇయర్ గ్రామీ తెచ్చిన పాటల్ని, ఆమె అన్న ఫినియస్ ఇంట్లో పడకగదిలోనే, లాజిక్ ప్రో పెట్టుకుని రికార్డ్ చేశాడు. మన అవసరానికి ఇంకో ప్లస్ ఉంది. 2020లో వచ్చిన ఎం1 నుంచి మ్యాక్‌బుక్ ఎయిర్‌లో అసలు ఫ్యానే లేదు, కాబట్టి పాట కింద హోరు ఉండదు. వేడెక్కితే స్పీడ్ తగ్గించుకుంటుంది, అది రికార్డింగ్‌లో తెలియదు కానీ ప్లగిన్లు గుప్పించి ఎండాకాలం మిక్సింగ్ చేస్తే తెలుస్తుంది. ధర మాత్రం చేదే. 16 జీబీ ఎం4 ఎయిర్ 2025 మార్చిలో రూ.99,900కి మొదలైంది. ర్యామ్ తర్వాత పెంచుకోలేం. సెకండ్ హ్యాండ్ చూసేవాళ్లు ఇంటెల్ మ్యాక్ జోలికి పోవద్దు, వాటికి టాహో వెర్షనే చివరిదని యాపిల్ చెప్పేసింది.

లైనక్స్: పాత ల్యాప్‌టాప్‌కి ప్రాణం పోస్తుంది. ఉబుంటు స్టూడియో ఉచితం, ఆడియో పనికి కావాల్సిన సెట్టింగులతోనే వస్తుంది. ఆర్డర్, రీపర్ రెండూ లైనక్స్‌లో నేరుగా నడుస్తాయి. ఎఫ్ఎల్ స్టూడియో, ఏబుల్టన్, లాజిక్ కావాలంటే మాత్రం లైనక్స్ మర్చిపోండి. ఇన్‌స్టాల్ చేసే ముందు పెన్ డ్రైవ్ నుంచి నడిపి, మీ ఇంటర్‌ఫేస్ పనిచేస్తోందో లేదో చూసుకోండి.

చివరికి నేను చేసింది

కొత్త ల్యాప్‌టాప్ కొనలేదు. చెల్లెలి చదువు కోసం చిన్నాన్న ఎప్పుడో తీసుకున్న ఏడో జనరేషన్ ఇంటెల్ ల్యాప్‌టాప్ ఇంట్లో ఉంది. విండోస్ 10కి సపోర్ట్ 2025 అక్టోబర్ 14న ఆగిపోయింది, విండోస్ 11కి ఆ ప్రాసెసర్ ఆనదు. అందుకే దాంట్లో ఉబుంటు స్టూడియో వేసి, రీపర్ పెట్టాను. రీపర్ 60 రోజులు ఫ్రీ, తర్వాత సొంత వాడకానికి లైసెన్స్ 60 డాలర్లు.

కళ్యాణదుర్గంలో ఆర్కెస్ట్రాతో తిరిగే ఫ్రెండ్ దగ్గర రెండు ఇన్‌పుట్ల ఇంటర్‌ఫేస్, రెండు డైనమిక్ మైకులు, రెండు 10 మీటర్ల ఎక్స్ఎల్ఆర్ కేబుళ్లు అరువు తెచ్చాను. డైనమిక్ మైక్ దూరపు చప్పుళ్లను కండెన్సర్ అంతగా లాగదు. ఎక్స్ఎల్ఆర్ కేబుల్ పొడుగున్నా నాయిస్ పట్టదు. అందుకే ల్యాప్‌టాప్, ఇంటర్‌ఫేస్ వసారాలో పెట్టి, కేబుళ్లు తలుపు కింద నుంచి గదిలోకి లాగాం. ఛార్జర్ తీసేసి బ్యాటరీ మీదే నడిపాం, హమ్ పోయింది. ఫ్యాన్ హోరు గది బయటే ఆగిపోయింది. గోడలకి బొంతలు వేలాడదీసి, తెల్లవారుజామున ఐదింటికి, ఎండ ఎక్కకముందే మొదలుపెట్టాం.

ఒక మైక్ తాత గొంతుకి, ఇంకోటి చెక్కలకి. చెక్కల దెబ్బ చాలా షార్ప్‌గా ఉంటుంది. దరువు ఎంత పెరిగినా లెవెల్ మైనస్ 12 డీబీ దాటకుండా గెయిన్ తగ్గించి పెట్టుకున్నా. తాత హెడ్‌ఫోన్స్ వద్దన్నాడు, ఆయనకి ల్యాగ్ గొడవే లేకుండా పోయింది.

ఐదు రోజుల్లో 14 పాటలు వచ్చాయి. ఒక పాటలో మూడో చరణం దగ్గర ఆగిపోయాడు. రెండుసార్లు ఎత్తుకున్నా రాలేదు. “గుర్తొచ్చినప్పుడు పాడతాలే అప్పా” అన్నాడు. అప్పటికి నేను ఉండను కదా! నా ఓఎస్ ఎంపికకి అసలు పరీక్ష అదే.

చెల్లెలికి లైనక్స్ అస్సలు తెలియదు. రెండు ట్రాకులు, లెవెల్స్ సెట్ చేసిన ఒక టెంప్లేట్ డెస్క్‌టాప్ మీద పెట్టి, ఏ వైరు ఎక్కడ గుచ్చాలో తెలుగులో ఒక కాగితం మీద రాసిచ్చా. “ఎర్ర బటన్ నొక్కడం, ఆపడం, సేవ్ చేయడం, అంతేనా అన్నా?” అంది. అంతే. అరగంటలో నేర్చుకుంది. ఫ్రెండ్ సామాను అతనికిచ్చేసి, అలాంటివే సెకండ్ హ్యాండ్‌లో తీసుకుని ఊరికి పంపాను.

కాబట్టి నా సలహా ఇది. గొంతు, వాయిద్యాలు రికార్డ్ చేసేవాళ్లు ఇంట్లో ఉన్న ల్యాప్‌టాప్‌తోనే మొదలుపెట్టి, డబ్బు మైక్, ఇంటర్‌ఫేస్, కేబుళ్ల మీద పెట్టండి. కీబోర్డ్‌తో ట్రాకులు కట్టేవాళ్లు 16 జీబీకి తగ్గొద్దు. బడ్జెట్ ఉంటే ఫ్యాన్ లేని ఎయిర్, ఎఫ్ఎల్ స్టూడియో అలవాటుండి బడ్జెట్ తక్కువైతే ఏసియో డ్రైవర్ చూసుకుని విండోస్. ఏది తీసుకున్నా, రేపు ఆ మెషీన్ ముందు కూర్చునేది ఎవరో కూడా ఆలోచించండి.

పోయిన ఆదివారం చెల్లెలు ఒక ఫైల్ పంపింది. నిడివి 1 నిమిషం 52 సెకన్లు. మొదట్లో కోడి కూసింది, తర్వాత తాత గొంతు సవరించుకున్నాడు, ఆ వెంటనే మూడో చరణం.