ఐర్లండ్ ఇళ్లు: ధర ఎక్కువ, నాణ్యత తక్కువ

1990ల మధ్య నుంచి ‘కెల్టిక్ టైగర్’ అన్న పేరుతో ప్రసిద్ధమైన ఐర్లండ్ ఆర్థిక విజృంభణలో, సులభంగా దొరికిన బ్యాంకు రుణాలూ పెట్టుబడిదారులకు దక్కిన పన్ను రాయితీలూ కలిసి ఇళ్ల ధరలను సామాన్యుల ఆదాయానికి అందనంత ఎత్తుకు చేర్చాయి. ఎంత ధర చెప్పినా కొనేవారు ఉన్నందున నిర్మాణదారులకు నాణ్యతపై శ్రద్ధ పెట్టవలసిన అవసరం కలగలేదు. 1995 నాటి మార్గదర్శకాలు రెండు పడకగదుల ఫ్లాటుకు 55 చదరపు మీటర్లే చాలునన్నాయి. దానిని 73కు పెంచింది 2007లో, అంటే ధరలు శిఖరానికి చేరిన ఏడాదిలోనే.

అంతకంటె తీవ్రమైన లోపం తనిఖీలో ఉండేది. 1990 నాటి నిర్మాణ నియంత్రణ చట్టం కింద, నిబంధనలు పాటించినట్లు ధ్రువీకరించే పని ప్రధానంగా నిర్మాణదారు నియమించుకున్న నిపుణుల చేతిలోనే ఉండేది. ఫలితంగా, అగ్నిమాపక భద్రత లేదని తేలిన డబ్లిన్‌లోని ప్రయరీ హాల్ సముదాయాన్ని 2011లో నివాసులు ఖాళీ చేయవలసి వచ్చింది. మరికొన్ని చోట్ల నేల కింద నింపిన రాళ్లలోని పైరైట్ అనే ఇనుము–గంధక ఖనిజం తేమ, గాలి తగిలి ఉబ్బడంతో గోడలు బీటలు వారాయి.

2014లో ధ్రువీకరణ నిబంధనలు కఠినమయ్యాయి. అయితే 2007 తరువాత ధరలు దాదాపు సగానికి పడిపోవడంతో, శిఖర ధరకు కొన్నవారిలో ఎందరో ఇంటి విలువను మించిన రుణంతోపాటు నిర్మాణ లోపాల భారాన్నీ మోయవలసి వచ్చింది.