ప్రార్థనకు వెళ్లిన ఇంట్లో రిపోర్టు

రామంతాపూర్, ఉప్పల్, నాచారం వీధుల్లో రోగుల ఇళ్లకు ప్రార్థనకు వెళ్లినప్పుడు 'పాంక్రియాస్ క్యాన్సర్' అన్న మాట వినగానే మన గొంతులు తగ్గిపోతాయి. ఇక ఆశ లేదన్నట్టే కూర్చుంటాం. కానీ ఆ పేరుతో వచ్చే గడ్డలన్నీ ఒకటి కావు.

జీర్ణాశయం వెనుక దాగి ఉండే ఈ క్లోమంలో ఎక్కువగా క్యాన్సర్ పుట్టేది జీర్ణరసాలు మోసే నాళాల్లో. అది వేగంగా పాకుతుంది. అరుదుగా మాత్రం ఇన్సులిన్ వంటి హార్మోన్లు తయారుచేసే కణాల్లో పుడుతుంది. దాన్ని న్యూరోఎండోక్రైన్ ట్యూమర్ అంటారు. చాలామందిలో ఇది నెమ్మదిగా పెరుగుతుంది. 2018లో కన్నుమూసిన గాయని, బాప్టిస్టు పాస్టరుగారి కుమార్తె అరెతా ఫ్రాంక్లిన్‌కు వచ్చింది ఇదే. ఆపిల్ సంస్థ స్టీవ్ జాబ్స్‌కూ ఇదే. 2003లో స్కానులో గడ్డ కనబడితే, ఆపరేషన్ వద్దని పథ్యాలు, మూలికలతో తొమ్మిది నెలలు జాగుచేశారు. 2004లో ఆపరేషన్ జరిగింది, 2011లో 56వ ఏట మరణించారు. ముందే చేయించుకుంటే బ్రతికేవారా అన్నది ఎవరూ తేల్చలేరు. ఆ ఆలస్యానికి ఆయన చింతించారని మాత్రం జీవితచరిత్రకారుడు వాల్టర్ ఐజాక్సన్ చెప్పారు.

ఈ గడ్డల్లో కొన్ని ఇన్సులిన్‌ను అతిగా వదులుతాయి. కడుపు ఖాళీగా ఉంటే చెమటలు, వణుకు, తికమక మాటలు, స్పృహ తప్పడం! పంచదార నీళ్లు తాగితే తేరుకుంటారు. ఉపవాస ప్రార్థనలో ఒకరు పదేపదే ఇలా పడిపోతే మనమేమంటాం? నీరసమంటాం, కొందరైతే దురాత్మ అనేస్తారు. ఆ క్షణాన చేసిన షుగరు పరీక్ష అసలు దారి చూపవచ్చు. విచిత్రమేమంటే, దీన్ని తేల్చడానికి డాక్టర్లూ ఉపవాసమే పెడతారు. ఆస్పత్రిలో, కనిపెట్టుకుని, 72 గంటల దాకా.

ఆపై సీటీ స్కాన్, ఎండోస్కోపిక్ అల్ట్రాసౌండ్, ముక్క పరీక్ష. సూది గుచ్చితే క్యాన్సర్ పాకుతుందని మనవాళ్లకు ఒక భయం. అలా జరగడం చాలా అరుదు. గడ్డ ఒకచోటే ఉంటే సాధారణంగా ఆపరేషన్ చేస్తారు. పాకినవారికీ ఆక్ట్రియోటైడ్ ఇంజెక్షన్లు, ఎవెరోలిమస్ మాత్రలు, 2018లో అమెరికా అనుమతించిన లుటీషియం చికిత్స ఉన్నాయి. ఖర్చుకు జంకేవారికి రెడ్‌హిల్స్‌లో ఎం.ఎన్.జె. ప్రభుత్వ క్యాన్సర్ ఆస్పత్రి ఉంది.

ఆపరేషన్‌కు ఒప్పుకుంటే విశ్వాసం తక్కువైనట్టా? హిజ్కియా రాజుకు ఆయుష్షు పొడిగిస్తానని దేవుడు మాటిచ్చాక కూడా, యెషయా అంజూరపు పండ్ల ముద్ద పుండుమీద కట్టించాడు. పౌలు వెంట తిరిగిన లూకా వైద్యుడే. కాబట్టి ఈసారి ఆ ఇంటికి వెళ్లినప్పుడు ప్రార్థన అయ్యాక ఫైలు అడుగుదాం. బయాప్సీ కాగితంలో ఏ రకమని రాశారో చూద్దాం. అది ఇంకా చేయించకపోతే, డాక్టరు దగ్గరికి వారితో పాటు మనలో ఒకరం బస్సెక్కుదాం.