వాసన పట్టే వెలుగు

2020 జూన్ 27న నంద్యాలలోని ఒక ఆగ్రో కర్మాగారంలో అమోనియా పైపు లీకై ఒకరు ప్రాణాలు పోగొట్టుకున్నారు. అంతకు ఏడు వారాల ముందే, మే 7 తెల్లవారుజామున, విశాఖ దగ్గరి ఆర్.ఆర్. వెంకటాపురం మీద స్టైరీన్ ఆవిరి విరుచుకుపడి పన్నెండు మందిని బలిగొంది. అమోనియా ఘాటును ముక్కు వెంటనే పట్టేస్తుంది కదా, వేరే యంత్రం దేనికని అనిపించవచ్చు. కానీ కాసేపు పీల్చితే ముక్కు ఆ ఘాటుకు అలవాటు పడిపోతుంది. పైగా, ఎంత ఉందో ముక్కు చెప్పలేదు. పది లక్షల భాగాల గాలిలో 300 భాగాల అమోనియా ఉంటే ప్రాణానికే ముప్పు. కేసీ కాలువ కింద నంద్యాల నుంచి ఆళ్లగడ్డ దాకా పండే ధాన్యానికి గోదాముల్లో పురుగు పట్టకుండా వాడే అల్యూమినియం ఫాస్ఫైడ్ బిళ్లల నుంచి వచ్చే ఫాస్ఫీన్‌కైతే ఆ హద్దు 50 భాగాలే. స్వచ్ఛమైన ఫాస్ఫీన్‌కు వాసనే ఉండదు. అందుకే ముక్కు చేయలేని పనిని ఒక అణువుకు అప్పగించాలన్న ఆలోచన విలువైనది. ఆ అణువు చరిత్రను చూస్తే దాని బలం ఎక్కడుందో, మనం దేన్ని బలమని పొరపడుతున్నామో తెలుస్తుంది.

1891లో ఫ్రెంచి రసాయనవేత్త విలియర్స్, పిండిపదార్థాన్ని బాక్టీరియా తిన్నాక మిగిలిన దాంట్లో కొత్త స్ఫటికాలు చూశాడు. తర్వాత వాటికి సైక్లోడెక్స్‌ట్రిన్లని పేరొచ్చింది. ఆరో, ఏడో, ఎనిమిదో గ్లూకోజ్ తునకలు చుట్టూ చేయి చేయి పట్టుకున్న వలయాలవి. బయటి అంచుకు నీళ్లంటే ఇష్టం, లోపలి బోలుకు నూనె స్వభావమున్నవే ఇష్టం. ఇలా మరో అణువుకు తన లోపల చోటిచ్చేదాన్ని ఆతిథేయ అణువంటారు. 1967లో పెడర్సన్ ప్రకటించిన క్రౌన్ ఈథర్లనే వలయాలతో ఈ శాస్త్రం ఊపందుకుంది. 1987లో ఆయనకూ, ఇదే రంగంలో పనిచేసిన క్రామ్‌కూ, లెన్‌కూ కలిపి నోబెల్ ఇచ్చారు. వెలుగు ఇందులోకి ఎలా వస్తుందో చూడటానికి పసుపు చాలు. పసుపులోని కర్క్యుమిన్ మీద నీలికాంతి పడితే అది మెరుస్తుంది, కానీ ఒట్టి నీళ్లలో ఆ మెరుపు బలహీనం. సైక్లోడెక్స్‌ట్రిన్ వలయంలో దూరగానే నీటి తాకిడి తప్పి మెరుపు పెరుగుతుంది. లోపలికి ఎవరొచ్చారన్నది బయటికి కనిపించే వెలుగుగా మారిందన్నమాట. సున్నం తగిలితే పసుపు ఎర్రబడటం మన ఇళ్లలో అందరూ ఎరిగినదే. అమోనియా కూడా క్షారమే కనుక తడి పసుపు కాగితాన్ని అలాగే ఎర్రబరుస్తుంది.

కానీ ఈ పద్ధతికి పుట్టుకతోనే ఒక చిక్కుంది. వచ్చిన అణువును ఆ బోలు గట్టిగా పట్టుకుంటే ఇక వదలదు, పరికరం ఒకసారికే పనికొస్తుంది. వదులుగా పట్టుకుంటే కొద్దిపాటి ఆవిరి చిక్కదు. అప్పట్లో పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయంలో ఉన్న టిమోతీ స్వేగర్ ఈ చిక్కును వేరే దారిలో విప్పాడు. పట్టును బిగించే బదులు, మెరిసే అణువులను ఒకే పొడవాటి గొలుసుగా కలిపాడు. 1995లో అచ్చయిన ప్రయోగంలో అతని బృందం ద్రావణంలో గుర్తుపట్టిన పదార్థం పారాక్వాట్. మన పొలాల్లో గడ్డిమందుగా ఎంతోమంది ప్రాణం తీసినదే. పెళ్లి పందిట్లో సీరియల్ సెట్టులో ఒక్క బల్బు పోతే వరసంతా ఆరిపోయినట్టు, గొలుసులో ఏ ఒక్కచోట పారాక్వాట్ కూర్చున్నా చాలా భాగం వెలుగు తగ్గింది. విడి అణువుతో పోలిస్తే స్పందన 65 రెట్ల దాకా పెరిగింది. 1998లో తోటి పరిశోధకుడు యాంగ్‌తో కలిసి స్వేగర్ ఆ గొలుసులకు పెంటిప్టిసీన్ అనే బరువైన రెక్కలు తగిలించాడు. గొలుసులు ఒకదానికొకటి అతుక్కోకుండా మధ్యలో సందులు మిగిలాయి. టీఎన్‌టీ అనే పేలుడు పదార్థపు ఆవిరి ఆ సందుల్లో దూరి ఎలక్ట్రాన్లను లాక్కుని మెరుపును ఆర్పేసింది. నోమాడిక్స్ సంస్థ సన్నని గాజుగొట్టం లోపల ఈ పూత వేసి, గాలిని పీల్చి, వెలుగు తగ్గుదలను కొలిచే పరికరం చేసింది. ఫైడో అన్న పేరుతో అది ఇరాక్‌లో బాంబుల వేటకు వెళ్లింది.

ఈ పద్ధతిని మన కర్మాగారాలకు తేవాలంటే గట్టి అభ్యంతరాలే ఉన్నాయి. నిత్యం కాంతి పడితే ఇలాంటి రంగులు వెలిసిపోతాయి. వానాకాలపు తేమ కొన్ని ఆతిథేయ అణువుల బోలును తానే ఆక్రమిస్తుంది. అమోనియాకు, ఫాస్ఫీన్‌కు విద్యుద్రసాయన సెన్సర్లు ఇప్పటికే బజారులో దొరుకుతున్నాయి. మూడూ నిజమే. టీఎన్‌టీని పట్టిన పూత అమోనియాను పట్టదు కూడా, ఎందుకంటే అమోనియాకు ఎలక్ట్రాన్లు లాగే గుణం లేదు. అలాగని ఇదంతా వృథా కాదు. నంద్యాల లాంటి చోట అమోనియా గొట్టాల పక్కన ఇప్పటికే దొరికే సెన్సర్‌ను పెట్టుకోవడమే సబబు, కొత్త అణువు కోసం ఆగనక్కరలేదు. ఆతిథేయ అణువుకు చోటు వేరే ఉంది: ఒకదానికొకటి పోలిన ఆవిరులు కలిసున్నప్పుడు, ఇతర సెన్సర్లు ఒకదాన్ని మరోదిగా పొరబడేటప్పుడు, అతి స్వల్ప మోతాదులోనే హెచ్చరిక కావలసినప్పుడు. బోలు ఆకారాన్ని ఎంచుకోగలగడమే దాని ప్రత్యేకత. అన్ని ఆవిరులకూ ఒకే పూత అమ్మచూపేవాళ్లను నమ్మకూడదు.

అసలైన అభ్యంతరం రసాయనానికి సంబంధించినది కాదు. విశాఖ దుర్ఘటనపై వేసిన ఉన్నతస్థాయి కమిటీ, సైరన్ ఉండీ మోగించకపోవడాన్ని ఎత్తిచూపింది. ఎంత పదునైన అణువైనా సైరన్ మీటను నొక్కలేదు కదా అని అడిగితే, ఒప్పుకోవాల్సిందే. అందుకే సెన్సర్ సంకేతం మనిషి నిర్ణయం కోసం ఆగకుండా నేరుగా సైరన్‌కే అందాలని నా వాదన. సెన్సర్‌ను ఎక్కడ బిగించాలన్నదీ అంతే ముఖ్యం. స్టైరీన్ ఆవిరి గాలికంటే మూడున్నర రెట్లు బరువు, నేల పట్టుకుని పాకుతుంది. ఫాస్ఫీన్ గాలికంటే కాస్త బరువు. అమోనియా గాలికంటే తేలికే అయినా, చల్లని ద్రవంగా చిమ్మినప్పుడు మొదట తెల్లని పొగమంచులా నేలమట్టంలోనే ఉండి, వేడెక్కాక పైకి లేస్తుంది. కాబట్టి అమోనియా గదిలో కప్పు కింద ఒకటి, మోకాలెత్తున ఒకటి, రెండు సెన్సర్లైనా ఉండాలి.