ప్రళయం కథల్లో మన వయసువాళ్లే ఎందుకుంటారు?

సైన్సు కథ అనగానే మనలో చాలామంది రాకెట్లు, రోబోలు అనుకుంటారు. అవి ఉండొచ్చు, లేకపోవచ్చు. ముఖ్యమైంది ఏమిటంటే, నిజమైన సైన్సు విషయం ఒకటి తీసుకుని "ఇలా జరిగితే?" అని అడగడం. జవాబు వెతుక్కుంటూ పోతే అదే కథ అవుతుంది. ఆ జరిగేది లోకాన్నే ముంచేదైతే అది ప్రళయం కథ.

మన తెలుగునాట ఒకసారి ఈ కథ నిజమవుతుందనే అనుకున్నారు. స్కైలాబ్ అనేది అమెరికావాళ్లు 1973 మే 14న పైకి పంపిన అంతరిక్ష కేంద్రం. బరువు సుమారు 77 టన్నులు. ముగ్గురేసి చొప్పున మూడు జట్లు అందులో ఉండి వచ్చాయి. తర్వాత అది ఖాళీగా తిరిగింది. సూర్యుడి మీద మచ్చలు పెరిగిన కాలంలో పైనున్న పల్చటి గాలి వేడెక్కి ఉబ్బుతుంది. ఆ గాలి రాపిడికే స్కైలాబ్ కిందికి దిగిపోయింది. ఎక్కడ పడుతుందో ఎవరూ కచ్చితంగా చెప్పలేకపోయారు. ఎలాగూ చచ్చిపోతాం కదా అని ఊళ్లల్లో కోళ్లు, మేకలు కోసుకు తిన్నారని పెద్దవాళ్లు ఇప్పటికీ చెబుతారు. చివరికి 1979 జూలై 11న అది ముక్కలై హిందూ మహాసముద్రంలోనూ, పశ్చిమ ఆస్ట్రేలియాలోనూ పడింది. ఎవరికీ దెబ్బ తగల్లేదు.

సరే, ఇలాంటి కథల్లో పదహారేళ్లవాళ్లు ఎందుకుంటారు? నాకు తోచింది చెబుతాను. లోకం బాగున్నప్పుడు మనమెవరో పక్కవాళ్లే చెబుతారు. ఫలానా వారి అబ్బాయి, ఫలానా ఊరు, ఫలానా క్లాసు. లోకం పోయాక అవేవీ పనికిరావు. నీకు ఏం వచ్చు, ఎవరి పక్కన నిలబడతావు అన్నదే మిగులుతుంది. మన వయసులో లోపల్లోపల వేసుకునే ప్రశ్న కూడా అదే.

అమెరికా రచయిత్రి సుజాన్ కాలిన్స్ 2008లో "హంగర్ గేమ్స్" అనే నవల రాశారు. అందులో కాట్నిస్ అనే అమ్మాయికి 16 ఏళ్లు. రాజధానివాళ్లకు ఆమె పన్నెండో జిల్లా పిల్ల, అంతే. కానీ నాన్న నేర్పిన విల్లు, అడవి గురించిన తెలివి ఆమెను బతికిస్తాయి. ఆమె పేరు కూడా తినే దుంప ఉన్న ఒక మొక్క పేరే!

2024లో వచ్చిన "కల్కి 2898 ఏడీ" సినిమాలో ఒకామెకు పేరుండదు, సమ్-80 అనే నెంబరే. తర్వాత సుమతి అవుతుంది. మన ట్రంకు పెట్టెల మీదా, కంచాల మీదా నెంబర్లున్నాయి. అవి వస్తువులు పోకుండా వేసినవి. మనల్ని మనం మాత్రం పేరుతోనే పిలుచుకుందామని నా మనవి.

మాది వేలేరుపాడు వైపు. మేం కోయవాళ్లం. 2022 జూలై 16న భద్రాచలం దగ్గర గోదావరి 71.3 అడుగులకు వచ్చింది. 53 అడుగులకే మూడో ప్రమాద హెచ్చరిక ఇస్తారు. మేం గుట్ట ఎక్కాం. అక్కడ బడికెళ్లని మా అమ్మమ్మే అందరికీ పెద్ద. ఏ వెదురు కొమ్ము తినొచ్చో, ఏ కట్టె తడిసినా మండుతుందో ఆమెకే తెలుసు. "ఏమీ రానివాళ్లు" అనే మాట అప్పటినుంచీ నేను నమ్మను.

ఇప్పుడు మన గణపవరం కథ ఒకటి అల్లుకుందాం. కొల్లేటికి బుడమేరు, తమ్మిలేరు నీళ్లు తెస్తాయి. ఉప్పుటేరు సముద్రానికి తీసుకుపోతుంది. కొల్లేట్లో నీళ్లు తగ్గితే ఉప్పునీరు వెనక్కి ఎక్కుతుంది. ఇది నిజం. ఇక "ఇలా జరిగితే?" సముద్ర మట్టం పెరిగి ఉప్పుటేరు ఏడాది పొడుగునా వెనక్కే పారితే? చేపల చెరువులు, వరిచేలు ఉప్పయిపోతాయి. జనం పాపికొండల వైపు నడవాలి. ముందు ఎవరు నడుస్తారు? ఇక్కడ మాట్లాడటానికి జంకి వెనక బెంచీలో కూర్చునే పిల్లలే! దారీ, వాగూ, ఆకూ తెలిసింది వాళ్లకే.

తర్వాతి కథ మీరు రాయండి. ఆదివారంలోగా నాకివ్వండి. ఇంటి భాషలో మాటలొచ్చినా ఫరవాలేదు, పక్కన అర్థం రాస్తే చాలు. దస్తూరి బాగోలేదని దాచుకోకండి, గోడ మీద పెట్టేముందు నేను తిరగరాస్తాను.